తీసే చైత్రం, దాచే చైత్రం

మన ప్రబంధాల్లో వసంతం వచ్చిందంటే ఎవరూ పని చేయరు. కోయిల కూస్తుంది, మావి చిగురిస్తుంది, మన్మథుడు చెరుకువిల్లు సవరించుకుంటాడు, నాయిక ఒంటికి చందనం పట్టించుకుని నిట్టూరుస్తుంది. ఆ తోట ఊడ్చిందెవరు, ఆ చందనం అరగదీసిందెవరు అని అడగకూడదు. అడిగితే రసభంగం.

ఆ వసంతాన్ని చదువుకుని పెరిగాను కాబట్టే, న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ళ ఊరి లైబ్రరీలో విన్న వసంతం నాకు వింతగా తోచింది. అమెరికాలో చాలా ఊళ్ళ లైబ్రరీలు పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు మాట్లాడటం ఉచితంగా నేర్పుతాయి. చెప్పేవాళ్ళు ఎక్కువగా జీతం లేకుండా, ఇష్టం కొద్దీ వచ్చేవాళ్ళే. మా పంతులమ్మ బళ్ళో చేసి రిటైరైన మనిషి. వినేవాళ్ళలో నాలాంటి విజిటర్ వీసా అమ్మమ్మలూ ఉంటారు. పిల్లలు ఆఫీసులకీ మనవలు బళ్ళకీ వెళ్ళాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఇక్కడికొచ్చి కూర్చుంటాం. మా ఇంగ్లీషు కూరలు కొనుక్కోవడానికి చాలుతుంది, కబుర్లకి చాలదు.

ఆ రోజు పాఠం, వసంతకాలంలో మామూలు ఇళ్ళలో జరిగే పనులు. ఆవిడ బొమ్మల అట్టలు ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ పని పేరు చెప్పేది, వెంటనే ఆ పని నటించేది. తివాచీ దులిపింది. కిటికీ అద్దం తుడిచింది. పార పట్టి తవ్వింది. గడియారం ముల్లు తిప్పింది. కాగితాలు ముందేసుకుని తల పట్టుకుంది. పువ్వుల అట్ట చిట్టచివర వచ్చింది, అదీ కాసేపే. చెర్రీ కొమ్మ బొమ్మ చూపించి గట్టిగా తుమ్మింది. పుప్పొడి పడకపోవడం కూడా వసంతకాలపు పనుల్లో ఒకటేనట.

పాఠమంతా చాకిరీయే. నాకు నచ్చింది. కావ్యాలు వదిలేసినదంతా ఇక్కడ పోగుపడి ఉంది.

ఇల్లు దులపడం సంగతి ముందు. అక్కడివాళ్ళకి అది ఊరికే వచ్చిన సరదా కాదు. చలికాలమంతా కట్టెలో బొగ్గో మండించి ఇల్లు వెచ్చబెట్టుకున్న రోజుల్లో, చమురు దీపాలు వెలిగించుకున్న రోజుల్లో, తలుపులూ కిటికీలూ నెలల తరబడి బిగించుకుని ఉండేవాళ్ళు. మసి పోయే దారి ఉండేది కాదు. గోడల మీద, తెరల మీద, తివాచీల్లో, పరుపుల్లో పేరుకునేది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ వస్తుంది, గాలి వీస్తుంది, ఈగలు ఇంకా మొదలవవు. ఏడాదిలో కిటికీలన్నీ బార్లా తెరిచి, సామానంతా పెరట్లోకి ఈడ్చి, తివాచీ తాడు మీద వేసి బాదడానికి అనువైన వారాలు అవే. ఇప్పుడు గ్యాసుతోనో కరెంటుతోనో ఇల్లు వెచ్చబడుతుంది, మసి లేదు. పని మాత్రం పోలేదు. మసికి బదులు సామాను పేరుకుంటోంది. గరాజ్ తలుపు ఎత్తితే కారుకి చోటుండదు. చలికాలమంతా కారు బయట మంచులో తడుస్తుంది, అట్టపెట్టెలు లోపల వెచ్చగా ఉంటాయి.

ఏప్రిల్ శనివారాల్లో ఆ పెట్టెలు బయటికొస్తాయి. ఇంటి ముందు బల్లలు వేసి, వద్దనుకున్న సామాను మీద చిన్న చిన్న చీటీలంటించి అమ్మకానికి పెడతారు. మా అమ్మాయి వాళ్ళ వీధిలో అలాంటి బల్ల దగ్గర నించుని చూశాను. మంచు మీద జారే బూట్లు, రొట్టెలు చేసే యంత్రం, కుక్క కోసం కొన్న రెయిన్‌కోటు, ఒక్కసారీ విప్పని విందు పళ్ళాల సెట్టు. బేరమాడితే నామోషీ ఏమీ లేదు, ఆడకపోతేనే ఆశ్చర్యపోతారు. అమెరికాలో నాకు బాగా అచ్చొచ్చిన చోటు అదొక్కటే. డాలరున్నరకి మంచి జల్లెడ తెచ్చాను.

తరగతిలో ఇరాన్ ఆవిడ ఒకరుండేవారు. ఇల్లు దులపడం మాట రాగానే ఆవిడ లేచి కూర్చుంది. మార్చి 20 ప్రాంతంలో, రాత్రీ పగలూ సమానమయ్యే వేళకి వాళ్ళకి నౌరోజ్, కొత్త సంవత్సరం. దానికి ముందు వారాల్లో ఇంట్లో కదలని వస్తువుండదట. తివాచీలు కడగాలి, తెరలు ఉతకాలి, గోధుమలో పెసర్లో పళ్ళెంలో మొలకెత్తించాలి. పదమూడో రోజున అందరూ బయటికెళ్ళి అన్నాలు తిని ఆ మొలకల్ని పారే నీళ్ళలో వదులుతారు. మన లంబాడీ ఆడపిల్లలు శ్రావణంలో తీజ్‌కి బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి నీళ్ళలో కలపడం గుర్తొచ్చింది కానీ అంత ఇంగ్లీషు నా దగ్గర లేదు. చిలీ నుంచి వచ్చిన ఇంకొకావిడ చేతులడ్డంగా ఊపింది. వాళ్ళకి మార్చిలో ఆకులు రాలతాయి, ద్రాక్షతోటల్లో గుత్తులు కోస్తారు. భూమికి ఆ కొసన ఉన్నవాళ్ళు, వాళ్ళ లెక్క వేరు.

తరవాత నా వంతు. చైత్రంలో మీ ఊళ్ళో ఏం చేస్తారు?

మా ఊరు తెనాలి. ఏం చేస్తామని వెతుక్కుంటే నాకు ముందు గుర్తొచ్చింది చింతపండు.

కొత్త చింతకాయ దులిపించి బస్తాల్లో తెచ్చి వసారాలో గుమ్మరించేవారు. ఎండ చుర్రుమనేదాకా ఆగి, పెళుసెక్కాక పెంకు కొట్టేవాళ్ళం. పెంకు ఊడాక ఈనె లాగాలి. ఒక్క లాగులో మొత్తం ఊడి రావాలి, తెగితే కాయ లోపల ముక్క మిగిలిపోయి చారులో పళ్ళ మధ్యకి వస్తుంది. ఆ తరవాత పిక్క. కత్తిపీట ముందేసుకుని, కాయ వీపున గాటు పెట్టి, బొటనవేలితో నొక్కితే నల్లటి పిక్క టప్పున ఎగిరి పడేది. మధ్యాహ్నానికి వేళ్ళన్నీ జిగురు, గోళ్ళ కింద పులుపు, చిన్న గాయముంటే ప్రాణం పోయినంత మంట. సాయంత్రం మా అమ్మ దాన్ని పిడికిళ్ళతో జాడీలోకి అదిమి, వరసకో గుప్పెడు రాళ్ళ ఉప్పు చల్లి, మూతికి గుడ్డ కట్టేది. పిక్కలు పిల్లల వాటా. వామనగుంటలకి, అష్టాచెమ్మాకి ఏడాది సరంజామా.

చింతపండుతో అయిపోతే ఎవరూ ఏమీ అనరు. కొత్త కందిపప్పుకి ఆముదం పట్టించి చాపల మీద ఎండబెట్టాలి, లేకపోతే వానాకాలానికి పప్పు నిండా పురుగే. బియ్యంలో వేపాకు కలపాలి. మిరపకాయలకి తొడిమలు తీయాలి. ఆ పని జరిగే ఇంట్లో మూడు రోజులు అందరూ దగ్గుతూనే ఉంటారు. వేపచెట్టు కింద పాత చీర పరిచి రాలిన పువ్వు పోగుచేయాలి. ఉగాది పచ్చడికి కావలసింది గుప్పెడే. మిగతాది నీడన ఆరబెట్టి డబ్బాకెత్తితే ఏడాది పొడుగునా నేతిలో వేయించి చారులోకి, అన్నంలోకి. గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు డాబా ఎక్కుతాయి. కాకుల కాపలాకి ఒంటిపూట బడులు వదిలిన పిల్లలుంటారు. చివరగా ఆవకాయ, మాగాయ. అప్పటికి వైశాఖం వచ్చేస్తుంది.

ఇదంతా చెప్పానని కాదు. ఎండబెడతాం, ఉప్పేస్తాం, జాడీలో పెడతాం, మూత కడతాం, ఈ నాలుగు మాటలే రకరకాలుగా చెప్పాను. పంతులమ్మ శ్రద్ధగా విని, ఇవన్నీ మా అమ్మమ్మ సెప్టెంబరులో చేసేది కదా అంది. మంచు పడేలోపు పెరట్లో కాసిన టమాటాలు, పీచ్‌పళ్ళు, చిక్కుళ్ళు వండి గాజు సీసాల్లో మూతలు బిగించి నేలమాళిగలో వరసగా పేర్చేదట.

ఆ మాట నన్ను పట్టుకుంది. నిజమే మరి. వాళ్ళు దాచుకోవలసింది మంచుకాలానికి. మనం దాచుకోవలసింది ఎండకీ ఆ వెనకే వచ్చే వానకీ. ఎండలు ముదిరితే పొలంలో ఏమీ ఉండదు, వానలు మొదలైతే ఏదీ ఎండదు. ఈ రెండింటికీ ముందు దొరికే చివరి మంచి రోజులు మనకి చైత్ర వైశాఖాలు. పంట ఇంటికొచ్చేసింది, ఎండ పదునుగా ఉంది, గాలిలో చెమ్మ లేదు. అంటే గృహస్థు లెక్కలో మన వసంతం వాళ్ళ శరత్తు. మరి వాళ్ళ వసంతం? విత్తనం నేలలో పడే కాలం కదా. అది మనకి ఏరువాక. జ్యేష్ఠ పున్నమినాడు ఎడ్లని కడిగి, కొమ్ములకి రంగులు పూసి, మొదటి సాలు దున్నే పండగ. జూన్‌లో వస్తుంది. మన పల్లెలో వసంతోత్సాహం అంటూ ఉంటే అది తొలకరి రోజునే కనిపిస్తుంది.

చిన్నప్పుడు ఇంగ్లీషు వాచకంలో నాలుగు ఋతువుల పాఠం కంఠతా పెట్టాం. వసంతంలో రైతు విత్తనాలు చల్లును, చెట్లు పచ్చబడును అని. మండుటెండలో ఒంటిపూట బడి నుంచి ఇంటికొస్తూ, బీటలు తీసిన పొలం గట్టు మీద నడుస్తూ అది వల్లించాం. పాఠానికీ పొలానికీ పొత్తు కుదరలేదని ఒక్కరికీ తోచలేదు. పరీక్షలో వస్తే చాలనుకున్నాం, వచ్చింది కూడా.

మనది దాచే చైత్రం, వాళ్ళది అన్నీ బయటికి తీసే చైత్రం. ఆ తీసే చైత్రం ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలంటే మా అల్లుడి కరివేపాకు కుండీ చూడాలి.

అక్కడ తెలుగువాళ్ళ ఇళ్ళలో కరివేపాకు చెట్టుకి ఉన్న మర్యాద ఇంటల్లుడికి కూడా ఉండదు. ఇండియా నుంచి పచ్చి కరివేపాకు రెమ్మయినా పెట్టెలో పెట్టుకుని రానివ్వరు. కరివేపది నిమ్మ, బత్తాయి, మారేడు, వెలగల కుటుంబమే. నారింజ తోటల్ని తుడిచిపెట్టే తెగులొకటి ఉంది, దాన్ని మోసే చిన్న పురుగుకి కరివేపాకు చాలా ఇష్టం. ఆ పురుగున్న రాష్ట్రాల నుంచి పక్క రాష్ట్రాలకి మొక్క తరలించడానికి కూడా ఆంక్షలున్నాయి. అందుకని ఒకసారి ఇంట్లో నిలదొక్కుకున్న మొక్కని పిల్లాడిలా సాకుతారు. అక్టోబరులో చలి మొదలవగానే కుండీ లోపలికి. దక్షిణం కిటికీ పక్కన పీట. చలికాలమంతా ఆకు పసుపెక్కి రాలుతూనే ఉంటుంది; ఫిబ్రవరి నాటికి నాలుగు పుల్లలు మిగులుతాయి, వాటిని చూసి ఇంటిల్లిపాదీ దిగులు పడతారు. అయినా తాలింపులో కరివేపాకు కొట్లో కొన్న పొట్లం నుంచే పడాలి, పుల్లల జోలికి ఎవరూ పోకూడదు.

మార్చి చివర కణుపుల దగ్గర ఆకుపచ్చని చుక్కలు పొడుస్తాయి. అప్పుడు మొదలవుతుంది అసలు పని. కుండీని ఒక్కసారిగా ఎండలో పెడితే లేత చిగురు మాడిపోతుంది. ముందు నీడన గంటసేపు, మర్నాడు ఇంకాస్త, వారం పోయాక పొద్దుటి ఎండలోకి. సాయంత్రం పది డిగ్రీల కిందికి దిగుతుందని ఫోను చెబితే మళ్ళీ లోపలికి. మా అల్లుడు ఆఫీసు మీటింగుల మధ్యలో లేచి వెళ్ళి కుండీ జరిపి వస్తాడు. ఇంత ఓపిక పెళ్ళాం మీద ఎప్పుడైనా చూపించారా అని మా అమ్మాయి అడుగుతుంది. అతను వినపడనట్టు ఆకు లెక్కపెడుతుంటాడు.

నేలలో వేసే మొక్కలకి ఇంకా ఆగాలి. న్యూజెర్సీలో మే రెండో ఆదివారం, వాళ్ళ మాతృదినోత్సవం దాటితే గానీ రాత్రి మంచు భయం పోదని పాతకాపుల మాట. అందాకా గోంగూర, బీర, సొర, దోస విత్తనాలు కాగితపు కప్పుల్లో మట్టి పోసి కిటికీ గట్టున మొలిపిస్తారు. గుళ్ళో ప్రసాదం తీసుకున్నాక చెప్పుల దగ్గర విత్తనాల పొట్లాలు చేతులు మారతాయి. ఎవరి గోంగూర ఎర్రకాడ, ఎవరిది తెల్లకాడ అన్న చర్చ రాజకీయాలకంటే ఎక్కువసేపు నడుస్తుంది. నాటాక జింకలొస్తాయి, కుందేళ్ళొస్తాయి, అన్నిటికంటే పెద్ద బెడద గ్రౌండ్‌హాగ్. మన పందికొక్కుకి పెద్దన్నలా ఉంటుంది, మొలిచిన చిక్కుడుని ఒక్క పూటలో నేలమట్టం చేస్తుంది.

ఆ జంతువుకే అక్కడ జోస్యం అప్పగించారు. పెన్సిల్వేనియాలో పంక్సుటానీ అనే చిన్న ఊళ్ళో 1887 నుంచి ఏటా ఫిబ్రవరి 2న, కోటు టోపీ వేసుకున్న పెద్దమనుషులు ఒక గ్రౌండ్‌హాగ్‌ని బయటికి తీస్తారు. దానికి తన నీడ కనబడితే ఇంకా ఆరు వారాలు చలి, లేకపోతే వసంతం తొందరగా వచ్చేస్తుంది. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు తెచ్చుకున్న ఆచారమది. టీవీలన్నీ చూపిస్తాయి. ఉగాదినాడు పంచాంగం చదివే మన సిద్ధాంతిగారు నయం. ఏడాది మొత్తానికి వానలూ పంటలూ రాజుగారూ మంత్రిగారూ అన్నీ చెబుతారు, పైగా పెరట్లో చిక్కుడుకాయ ముట్టుకోరు.

పంచాంగం మాటొచ్చింది కాబట్టి పన్నుల సంగతి. అమెరికాలో ఆదాయపు పన్ను లెక్కలు దాఖలు చేయడానికి గడువు మామూలుగా ఏప్రిల్ 15. ఉగాది మార్చి నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా ఎప్పుడైనా రావచ్చు కాబట్టి ఈ రెండూ తరచు పక్కపక్కనే తగులుతాయి. ఒక ఆదివారం భోజనాల బల్లకి ఆ చివర మా అల్లుడు కాగితాలు పరుచుకున్నాడు, ఈ చివర నేను పంచాంగం తెరిచాను. ఆయన రాశికి ఆదాయం తక్కువ, వ్యయం ఎక్కువ, అవమానం మాత్రం పుష్కలంగా ఉంది. చదివి వినిపించాను.

"ఆ పేజీ ఒక జిరాక్స్ తీసివ్వండి అత్తయ్యా, దీనికి జత చేస్తాను" అన్నాడు.

గడియారం పని చిన్నదే గాని చెప్పుకోదగ్గది. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలవగానే మూడు చేసేస్తారు. 2007 నుంచి ఈ తేదీ. అరిజోనాలో చాలా భాగం, హవాయి ఈ గొడవలో లేవు. ఇండియాకీ అక్కడికీ పదిన్నర గంటల తేడా తొమ్మిదిన్నర అవుతుంది, తెనాలిలో మా చెల్లెలు సీరియల్ చూసే వేళకి నా ఫోను మోగుతుంది, వారం రోజులు ఇద్దరం విసుక్కుంటాం. గడియారం తిప్పే రోజునే ఇంటి కప్పుకున్న పొగ అలారాల బ్యాటరీలు కూడా చూసుకోమని అగ్నిమాపక శాఖవాళ్ళు చెబుతారు. తెలుగింట్లో ఆ పరీక్ష వేరే అక్కర్లేదు. ఎండుమిరపకాయ పోపు పడిన ప్రతిసారీ అది పనిచేస్తోందని వీధంతటికీ తెలుస్తూనే ఉంటుంది.

పువ్వులు లేవని కాదు. నెవార్క్‌లో బ్రాంచ్ బ్రూక్ పార్కు ఉంది. 1927లో ఒక సంపన్నురాలు ఇచ్చిన చెర్రీ మొక్కలతో మొదలై ఇప్పుడు 5,000 చెట్లకి పైగా ఉన్నాయి, వాషింగ్టన్ కంటే ఎక్కువ. ఏప్రిల్‌లో పట్టుచీరలు కట్టుకుని ఫొటోలు దిగే మనవాళ్ళతో గుళ్ళో ఉత్సవం ఉన్నంత సందడి. బాగుంటుంది. ఒక గంట చూశాక ఇంటికెళ్ళి కారు మీద పేరుకున్న పచ్చటి పుప్పొడి కడుక్కోవాలి. మా అమ్మాయికి ఏప్రిల్ అంతా ముక్కూ కళ్ళూ నీళ్ళే. చలికాలమంతా మూసిన కిటికీలు ఎప్పుడు తెరుస్తామా అని ఎదురుచూసి, తెరవగలిగే రోజు రాగానే పుప్పొడి వస్తుందని మళ్ళీ మూసుకుని మాత్ర వేసుకుంటుంది. ఇల్లు దులపడం కిటికీలు తెరవడానికి పుట్టిన పండగ అంటాను నేను. తనకి తుమ్మడం నుంచి తీరిక ఉండదు.

మన వైపు కూడా పని ఉన్నచోటే ఉండిపోలేదు. ఇప్పుడు తెనాలిలో కందిపప్పుకి ఆముదం పట్టించే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. పప్పు నెలనెలా పొట్లంలో వస్తుంది, పిక్క తీసిన చింతపండు అట్టపెట్టెలో వస్తుంది, పురుగు పట్టేలోపు అయిపోతుంది. చైత్రం పని అంటే కూలరు అటక మీంచి దించి గడ్డి మార్పించడం, ఏసీ మెకానిక్‌కి ఫోను చేయడం, అతను రేపొస్తానంటే ఎదురుచూడటం. కూడలిలో చలివేంద్రం మాత్రం ఇంకా పెడుతున్నారు, కుండల పక్కన ప్లాస్టిక్ డబ్బా చేరింది అంతే. తెల్లారకముందే లేచి బయటికెళ్ళి చేసే అసలైన వసంతం పని చూడాలంటే ఆదిలాబాద్ అడవుల్లోకి వెళ్ళాలి. ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది. ఎండెక్కేలోపు, పశువులు వచ్చేలోపు, గోండు ఆడవాళ్ళు బుట్టలతో వెళ్ళి ఒక్కొక్క పువ్వూ ఏరుకొస్తారు, ఎండబెట్టి దాస్తారు. మోదుగ అదే నెలల్లో అడవంతా ఎర్రగా పూస్తుంది. నడుము వంచి ఏరేవాళ్ళు దాన్ని చూసి ఏమనుకుంటారో ఏ ప్రబంధంలోనూ లేదు. కవులు అబద్ధమాడారని నేననను. వాళ్ళని పోషించిన రాజుల ఇళ్ళలో గాదెలు మాఘంలోనే నిండిపోయి ఉండేవి, తొడిమలు తీసేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు, కాబట్టి చైత్రానికి కోయిల తప్ప వాళ్ళకి వేరే పని మిగిలేది కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి రెండు చైత్రాల చాకిరీ మిగిలింది. కుండీలు బయటికి తీస్తారు, అదే వారంలో ఇండియన్ స్టోరుకి పచ్చి మామిడికాయ వచ్చిందని వాట్సాప్‌లో తెలియగానే పరుగెడతారు. టెంకతో ముక్క కొట్టడానికి అక్కడ బజారులో కత్తిపీటవాడు లేడు. మా అల్లుడు గరాజ్‌లో పెద్ద కత్తీ సుత్తీ పెట్టుకుని కొట్టాడు. ఒక చేత్తో విత్తనం, ఒక చేత్తో ఆవపిండి. తీయడమూ దాచడమూ ఒకే శనివారం జరిగిపోయాయి, సాయంత్రానికి అందరికీ నడుములు పట్టేశాయి.

నాకు వచ్చిన చిక్కు వేరు. నా ఆరు నెలల గడువు జూన్ దాకా ఉంది. గోంగూర కోతకొచ్చేదాకా, మీ చేత్తో పచ్చడి నూరేదాకా ఉండండి అత్తయ్యా అని అల్లుడు. కప్పుల్లోని మొలక ఇంకా బెత్తెడు లేదు. తెనాలిలో మా చెల్లెలు కాయ బేరమాడేసి, ఎండలో జాడీలు కడిగి బోర్లించి, రోజూ ఫోను.

"వచ్చే వారం కాయ కొట్టిస్తున్నా. నువ్వు లేకుండా ఉప్పు కొలత నాకు కుదరదు, తెలుసుగా" అంది.

"ఇక్కడ గోంగూర వేశామే, కాస్త ఎదగనీ" అన్నాను.

"ఈదురుగాలొస్తే కాయ రాలిపోతుంది, వాన పడితే పచ్చడికి పనికిరాదు. మీ గోంగూర ఆగుతుందేమో మీ అల్లుణ్ణి కనుక్కో, మామిడికాయ మాత్రం ఆగదే అక్కా."